బడిసంచి: టీచర్ల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నీడలేని రోజు ప్రయోగం ఏప్రిల్‌లో చేద్దామంటే సెలవులు అడ్డమొచ్చాయి. ఆగస్టులో నెట్టాం. మిట్టమధ్యాహ్నం 12 గంటలకు కర్ర నిలబెట్టి చూస్తే నీడ కనబడుతూనే ఉంది. పిల్లలు నవ్వారు. ఎక్కడ తప్పాం?
– భౌతికశాస్త్రం టీచర్, చంద్రగిరి

జవాబు: తప్పు మీది కాదు, గడియారానిది. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తాయి. ఆ రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. తిరుపతి రేఖాంశం సుమారు 79.4 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు మన నడినెత్తికి 12 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఆగస్టు మధ్యలో భూమి కక్ష్య, అక్షం వంపు వల్ల మరో 4 నిమిషాలు కలుస్తాయి. కాబట్టి తిరుపతిలో అసలు మధ్యాహ్నం దాదాపు 12 గంటల 16, 17 నిమిషాలకు. చిత్తూరులో ఇంకో నిమిషం ఆగాలి. 12 గంటలకే చూస్తే సూర్యుడింకా నడినెత్తికి రాలేదు కనుక 30 సెంటీమీటర్ల కర్రకు పడమట వైపు రెండు సెంటీమీటర్లకు పైగానే నీడ ఉంటుంది.

ఇక తేదీ. సూర్యుడి క్రాంతి (భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరానో దక్షిణానో ఉన్నాడన్న లెక్క) మన ఊరి అక్షాంశంతో సమానమైన రోజునే నీడ మాయమవుతుంది. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తరం, కాబట్టి ఏప్రిల్ 26, ఆగస్టు 16. చిత్తూరుకు ఆగస్టు 17. కుప్పం ఇంకా దక్షిణం, అక్కడ 18 లేదా 19. లీపు సంవత్సరాల వల్ల ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. మబ్బు పట్టే కాలం గనుక 14 నుంచి 18 దాకా అయిదు రోజులూ కొలతకు సిద్ధంగా ఉండండి, ఒక్క రోజు ఎండ కాసినా చాలు.

కర్ర బదులు ముప్పావు అంగుళం పీవీసీ పైపు ముక్క 30 సెంటీమీటర్లది తీసుకోండి. రెండు కొసలూ రంపంతో సమంగా కోయించాలి. పైపు ఒక్క డిగ్రీ వాలినా 5 మిల్లీమీటర్ల నీడ పుడుతుంది. ప్రయోగం పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. దారానికి నట్టు కట్టి పైపు పక్కన వేలాడదీసి, రెండు వైపుల నుంచీ సరిచూడండి. కింద బండ చదునో కాదో పళ్లెంలో నీళ్లు పోసి చూస్తే తెలిసిపోతుంది. నీడ అంచు ఎంత చేసినా మసగ్గానే ఉంటుంది, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. 30 సెంటీమీటర్ల ఎత్తుకు దాదాపు 3 మిల్లీమీటర్ల మసక. దాన్ని నీడగా లెక్కపెట్టొద్దని ముందే చెప్పండి.

12 గంటల 5 నిమిషాల నుంచి అయిదేసి నిమిషాలకు నీడ కొస దగ్గర సుద్దతో చుక్క పెట్టిస్తే చుక్కలన్నీ తూర్పు పడమరల గీత మీదికి వస్తాయి. ఒక చిన్న ముచ్చట: ఆగస్టు 15న జెండా వందనానికి పిల్లలంతా వస్తారు. 6 మీటర్ల జెండా కర్ర నిటారుగా ఉంటే ఆ రోజు 12.17కి దాని నీడ మూడు నాలుగు సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపుకు. 17, 18 తేదీల్లో ఉత్తరానికి మళ్లుతుంది. మన ఊళ్లో మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడే రోజులూ ఉన్నాయని చెబితే పెద్దవాళ్లే నమ్మరు.

ప్రశ్న: మందార పూలతో ఆమ్ల, క్షార సూచిక చేశాం. ఏమీ కలపకముందే రసం ఆకుపచ్చకు తిరిగింది. పసుపు కాగితం మీద వంటసోడా వేస్తే రంగు మారీ మారనట్టుంది. పుస్తకంలో రాసినట్టు రావాలంటే ఏం చేయాలి?
– సైన్సు టీచర్, పుత్తూరు

జవాబు: బోరు నీళ్లు వాడారు కదూ? మన వైపు బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ. నీళ్లు కాచే గిన్నెకు తెల్లగా పట్టే పొర అదే. కాచితే కార్బన్ డయాక్సైడు పోయి నీళ్లు ఇంకా క్షారగుణానికి తిరుగుతాయి. వేడి నీళ్లలో పూలు నానబెట్టమన్న సలహా బోరు నీళ్లతో బెడిసికొట్టేది అందుకే. శుభ్రంగా పట్టిన వాన నీళ్లు మేలు. లేదంటే ఆర్‌ఓ క్యాను నీళ్లు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా బాగా పనిచేస్తుంది గానీ, అదే అంగట్లో బ్యాటరీ యాసిడ్ కూడా అలాంటి సీసాలోనే అమ్ముతారు. పిల్లల్ని పంపకండి, మీరే చూసి కొనండి.

ఒంటి రెక్కల ముదురు ఎరుపు మందారాలు తేవాలి. ముద్ద మందారం, లేత గులాబీ రంగువి పనికిరావు. కింది ఆకుపచ్చ తొడిమ, మధ్యలో పుప్పొడి కాడ తీసేసి రెక్కలు మాత్రమే, పది పూలవి, 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వడగట్టండి. ఆ పూటకే వాడుకోవాలి, మరుసటి రోజుకు వెలిసిపోతుంది. తెల్లటి పేపర్ కప్పుల్లో 5 మిల్లీలీటర్ల చొప్పున పరీక్షించే ద్రవం పోసి, పది చుక్కలు సూచిక వేయాలి. నిమ్మరసం, చింతపండు పులుసు, పుల్ల మజ్జిగ ముదురు గులాబీకి తిరుగుతాయి. సున్నపుతేట, బట్టల సోడా ఆకుపచ్చకు. చింతపండు పులుసుకు దాని రంగు దానికే ఉంటుంది కాబట్టి నీళ్లు కలిపి పలచన చేసి, సూచిక వేయని కప్పు ఒకటి పక్కన పెట్టుకోండి.

మందార కాగితం చేయాలనుకుంటే నోటు పుస్తకం కాగితం, ఏ4 కాగితం వద్దు. తెల్లదనం కోసం వాటిలో కాల్షియం కార్బనేటు కలుపుతారు, అది ఆరేలోపే రంగును మార్చేస్తుంది. గంజి పోయేదాకా ఉతికిన తెల్ల నూలు గుడ్డ పేలికలు వాడండి.

పసుపు విషయంలో మీ పసుపు మంచిదే, వంటసోడాదే బలహీనత. పసుపు ఎర్రబడాలంటే క్షారం కాస్త గట్టిగా ఉండాలి. వంటసోడా ద్రావణం సరిగ్గా ఆ గడప మీద నిలబడుతుంది. తాంబూలం సున్నం ఒక చెంచా 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి రాత్రంతా తేరనిచ్చి, పైన తేట మాత్రం వంచుకోండి. దాంతో కుంకుమ రంగే వస్తుంది. హారతి నీళ్లలో జరిగేదీ ఇదేనని పిల్లలే చెబుతారు. పొడి సున్నం, రాతి సున్నం బడిలోకి రానివ్వకండి, కంట్లో పడితే ప్రమాదం.

ప్రశ్న: ఏడో తరగతికి బీజీయ సమాసాలు మొదలుపెట్టాలి. ముగ్గులతో లెక్కలు చెప్పొచ్చంటారు, కానీ సౌష్ఠవం చూపించడం దాటి ముందుకు పోలేకపోతున్నాను.
– గణితం టీచర్, పలమనేరు

జవాబు: గీతల్ని వదిలేసి చుక్కల దగ్గర ఆగండి. బీజగణితమంతా అక్కడే ఉంది.

సంక్రాంతి ముగ్గు కింద ‘15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క’ అని ఉంటుంది. ‘15 చుక్కలు, 1 వరకు, ఎదురు చుక్క’ అని ఉంటుంది. ఈ మాటలకు అర్థం తరగతిలో సగం మంది ఆడపిల్లలకు మీకంటే బాగా తెలుసు, వాళ్ల చేతనే చెప్పించండి. ఎదురు చుక్కలో పై చుక్కకు ఎదురుగా కింద చుక్క, కాబట్టి వరుసకు రెండు తగ్గుతాయి. సందు చుక్కలో రెండు చుక్కల సందులో ఒకటి, వరుసకు ఒకటే తగ్గుతుంది. మగపిల్లలు తప్పేది ఇక్కడే: ఎదురు చుక్కలో కూడా ఒకటే తగ్గిస్తారు, ముగ్గు ఒక పక్కకు వాలిపోతుంది.

మొదట ఎదురు చుక్క. నడి వరుస 7 పెట్టించండి: 1, 3, 5, 7, 5, 3, 1. మొత్తం 25. ఇప్పుడు ప్రతి వరుసలో కొస చుక్కతో మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి ఎర్ర సుద్దతో దిద్దమనండి. తల కాస్త వాల్చి చూస్తే ఎర్ర చుక్కలు నాలుగు నాలుగుల చదరం, వాటి మధ్య తెల్లవి మూడు మూళ్ల చదరం. 16, 9. నడి వరుసలు 3, 5, 7, 9 తీసుకుంటే మొత్తాలు 5, 13, 25, 41. తేడాలు 8, 12, 16. ఈ పట్టిక పిల్లలే నింపాలి. సూత్రం మీరు బోర్డు మీద రాశారంటే పాఠం అక్కడితో చచ్చింది. వాళ్లు తడబడే చోటు ఒకటుంది. 15 చుక్కలకు 15 వర్గం వేస్తారు. చదరం భుజం 15 కాదు, నడి వరుసకు ఒకటి కలిపి సగం చేస్తే వచ్చే 8. కాబట్టి 64, 49 కలిపి 113.

సందు చుక్క ఇంకా అందం. 7 నుంచి 4 వరకు: 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37. దీన్ని వరుసలుగా కాక నడి చుక్క చుట్టూ వలయాలుగా లెక్కపెట్టించండి: 1, 6, 12, 18. వలయానికో రంగు. 15 నుంచి 8 వరకు వేస్తే నడి చుక్క చుట్టూ ఏడు వలయాలు. 1 నుంచి 7 దాకా కూడితే 28, దానికి ఆరు రెట్లు 168, నడి చుక్కతో 169. వరుసలుగా కూడినా అంతే రావాలి, చేసి చూడమనండి.

అప్పుడు అసలు ప్రశ్న వేయండి: 15కు జోడీ ఎప్పుడూ 8 ఎందుకు? 9కి 5, 7కి 4 ఎందుకు? 9 నుంచి 4 వరకు పెట్టి చూడమనండి. చుక్కలు 69 వస్తాయి, కానీ పై అంచున 4, ఏటవాలు అంచుల్లో 6. వలయాలు కుదరవు, ముగ్గు కోలగా సాగుతుంది. అన్ని భుజాలూ సమానం కావాలంటే చివరి వరుస రెండింతల్లో ఒకటి తగ్గితే నడి వరుస. చివరి వరుసను ఎం అనుకుంటే నడిది 2ఎం – 1. అక్షరం ఎందుకు కావాలో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ మాకు తోచలేదు.

చేతిపని విషయం. సందు చుక్కలో చుక్కల మధ్య 5 సెంటీమీటర్లు పెడితే వరుసల మధ్య 5 పెట్టకూడదు, 4.3 పెట్టాలి. లేకపోతే ఆకారం నిలువుగా సాగి ఆరు పక్కలూ ఒకలా కనబడవు. ఇది కొలిచే ఓపిక లేనప్పుడు నీళ్ల సీసా మూతలు 37 పోగుచేసి ఒకదానికొకటి తగిలేలా సందుల్లో పేర్చమనండి, కొలత దానంతటదే వస్తుంది. గదిలో ముగ్గుపిండి వద్దు, దుమ్ము రేగుతుంది. సుద్ద ముక్కలు చాలు.

ప్రశ్న: మాది ఏకోపాధ్యాయ పాఠశాల. అయిదు తరగతులకు 16 మంది. కొందరి ఇంట్లో తమిళం, ఇద్దరి ఇంట్లో కన్నడం. రిషివ్యాలీ పద్ధతి కార్డులు చేసుకోవాలని ఉంది, ఎన్ని చేయాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.
– ఉపాధ్యాయిని, కుప్పం ప్రాంతం

జవాబు: మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాల వాళ్ల గ్రామీణ బడుల్లో పుట్టిన పద్ధతి ఇది. పాఠాన్ని చిన్న మెట్లుగా విడగొట్టి గోడ మీద నిచ్చెనలా వేస్తారు. మెట్టు మెట్టుకూ కార్డులుంటాయి. ఎవరి మెట్టు మీద వాళ్లుంటారు. జ్వరమొచ్చి వారం రాని బిడ్డ తిరిగొచ్చి ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. తర్వాత తమిళనాడు కూడా ఈ పద్ధతిని అందిపుచ్చుకుంది.

అన్ని సబ్జెక్టులూ ఒకేసారి మొదలుపెట్టిన బడులు నెలకే చేతులెత్తేస్తాయి. 1, 2 తరగతుల తెలుగు మాత్రం తీసుకోండి. 12 మెట్లు. మెట్టుకు ఆరు కార్డులు: పరిచయం ఒకటి (ఇది మీతోనే చేయాలి), అభ్యాసం రెండు, ఆట ఒకటి, పరీక్ష ఒకటి, పరీక్షలో ఆగినవాళ్లకు మళ్లీ అభ్యాసం ఒకటి. మొత్తం 72. అభ్యాసం కార్డులే నలుగుతాయి, వాటికి రెండో ప్రతి పెట్టుకుంటే 96. పాత పెళ్లి పత్రికల వెనక వైపు గట్టిగా, తెల్లగా ఉంటుంది, దాని మీద రాసి వెడల్పాటి టేపు అతికించండి. కార్డు మూలలో మెట్టు అంకె, కార్డు రకానికో బొమ్మ: ఆటకు బంతి, పరీక్షకు కన్ను, ఇలా. చదవడం రాని పిల్ల బొమ్మను చూసి కార్డు తెచ్చుకోవాలి, లేకపోతే రోజంతా కార్డులు పంచడమే మీ ఉద్యోగం అవుతుంది.

మెట్ల వరుస అ, ఆలతో మొదలుపెట్టకండి. మొదటి మెట్టుకు ల, త, క, గ, డ, ప తీసుకోండి. ఈ ఆరింటితో తల, కల, లత, పలక, గడప, తడక, పడగ చదివేయొచ్చు, తలకట్టు తప్ప గుణింతం అక్కర్లేదు. ప ఉన్న మెట్టులో వ పెట్టొద్దు, షను అసలే వద్దు, చూడ్డానికి ఒకేలా ఉండి పిల్లలు నెలల తరబడి తికమక పడతారు. వను మూడో మెట్టుకు తోసేయండి. తమిళం ఇంటి పిల్లలకు తల అంటే తలై, కన్నడం ఇంట్లో తలె. ఇలాంటి దగ్గర మాటలు ముందు మెట్లలో పెడితే ఆ పిల్లలు తలుపు దగ్గరే నిలిచిపోరు. పరిచయం చేసేటప్పుడు వాళ్ల ఇంటి మాట అడిగి, దాన్నీ పలకనివ్వండి.

గోడ మీది నిచ్చెనకు బట్టల క్లిప్పులు తగిలించి పిల్లల పేర్లు రాయండి. ఎవరి క్లిప్పు నాలుగు రోజులుగా కదల్లేదో శుక్రవారం చూసుకోండి. ఒకే మెట్టు మీద నలుగురు ఇరుక్కుంటే తప్పు పిల్లలది కాదు: పరీక్ష కార్డులో నేర్పనిదేదో అడిగి ఉంటారు, లేదా అభ్యాసం కార్డు పోయి ఉంటుంది. మెట్టు దాటినట్టు పిల్లలు తమంతట తామే క్లిప్పు జరుపుకుంటారు, అదొక సరదా వాళ్లకు. పరీక్ష కార్డు మాత్రం మీ ఎదుటే చేయాలని కట్టడి పెట్టండి.

ప్రశ్న: తిరుమల కొండ రాళ్ల గురించి పాఠం చెప్పాలి. ఘాట్ రోడ్డులో శిలల బోర్డు చూపించొచ్చా?
– సోషల్ టీచర్, తిరుపతి

జవాబు: ఆ బోర్డు ఉన్న చోటును ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. భారత భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. కింద ఉన్నది అతిపురాతనమైన గ్రానైటు, నైసు అనే చారల రాయి; దాని మీద అడ్డంగా పరుచుకున్నది నగరి క్వార్ట్‌జైటు, అంటే గట్టిపడిన ఇసుకరాయి. రెంటికీ మధ్య సుమారు 50 కోట్ల ఏళ్ల కాలం రాతిలో నమోదు కాలేదు. కింది రాయి అరిగి చదునైన తర్వాతే పైది పేరుకుంది.

మలుపుల్లో బస్సు ఆపి పిల్లల్ని దించకండి. తిరుపతిలో బడి మేడ మీద నుంచే కొండను చూపించొచ్చు: పైన గోడలా నిటారుగా నిలబడింది క్వార్ట్‌జైటు, కింద చెట్లతో వాలుగా దిగింది పాత రాయి. దగ్గరగా చూడాలంటే తిరుమలలో శిలాతోరణం ఉంది, అదీ జాతీయ స్మారకమే. అక్కడి నుంచి గులకరాయి కూడా తీసుకురావద్దు.

తరగతిలో పట్టుకుని చూడ్డానికి కడప బండ ముక్క, గ్రానైటు పాలిష్ చేసేచోట పారేసిన ముక్క చాలు. ఇనుప మేకుతో గీస్తే కడప బండ మీద గీత పడుతుంది, గ్రానైటులో తెల్లగా మెరిసే పలుకుల మీద పడదు. కడప బండను గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నటి బుడగలు వస్తాయి, సున్నపురాయి గనుక. పొడి చేయకుండా బండ మీద నేరుగా పిండితే ఏమీ కనబడదు, అప్పుడే చాలామంది ప్రయోగం పనిచేయదనుకుంటారు. బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు.

ప్రశ్న: పదో తరగతి సంభావ్యతకు నాణేలు కాక ఇంకేమైనా చెప్పండి.
– గణితం టీచర్, శ్రీకాళహస్తి

జవాబు: అష్టాచెమ్మా చింతగింజలు. నాలుగు గింజల్ని గరుకు బండ మీద ఒక పక్క తెల్లబడేదాకా అరగదీయండి. నాలుగూ కలిపి 160 సార్లు వేయించి, ఎన్ని తెల్లలు పడ్డాయో రాయించండి. రెండు పక్కలకూ సమాన అవకాశం ఉంటే సున్నా నుంచి నాలుగు తెల్లల దాకా వరసగా 10, 40, 60, 40, 10కి దగ్గరగా రావాలి. రావు. అరగదీసిన పక్క చదును, రెండో పక్క ఉబ్బెత్తు. ఒక్క గింజనే 50 సార్లు వేయించి దాని సంభావ్యత విడిగా కనుక్కోమనండి, తేడా ఎందుకో వాళ్లే పట్టేస్తారు. గింజ సగానికి సగం అరిగిపోయేలా మాత్రం రుద్దనివ్వకండి, ఒకే పక్క పడుతూ ఉంటుంది.

ప్రశ్న: తరగతిలో ఐఎఫ్‌పీ తెర (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెర) ఉంది, నెట్ లేదు. దానితో ఏం చేయాలి?
– హైస్కూలు టీచర్, పుంగనూరు

జవాబు: కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే చేసి చూసే ప్రయోగాలు) ఉచితం, చాలావాటికి తెలుగు అనువాదం ఉంది. నెట్ ఉన్నచోట హెచ్‌టీఎంఎల్5 రకం ఫైలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసి, తెర మీద బ్రౌజరుతో తెరిస్తే నెట్ లేకుండా నడుస్తుంది. పాత జావా రకం దించకండి, తెరుచుకోదు. విద్యుత్ వలయాలు, భిన్నాలు, సాంద్రత, ఈ మూడింటితో మొదలుపెట్టండి. పీరియడ్‌కు ముందు రోజే అదే తెర మీద ఒకసారి తెరిచి చూసుకోండి. ఫైలు పేరులో తెలుగు అక్షరాలుంటే కొన్ని తెరలు మొరాయిస్తాయి, అంకెలు పెట్టి పేరు మార్చేయండి.